నూనె పోసిన ట్రక్కు

ఇనుమును భూమి పొరల్లో దాచినవాడికి స్తోత్రం. దాన్ని వెతికి తీసి, కాల్చి, వంచే చేతులు మనిషికి ఇచ్చినవాడికి స్తోత్రం. పైన ఎన్ని పూతలు పూసినా అడుగున ఏముందో చూడగలిగిన ఏకైక దేవుడికి మహిమ కలుగును గాక. నేను రాయబోయేది ఒక పాత మిలటరీ ట్రక్కు గురించే. అయినా మా ఇంట్లో కూర పొయ్యి మీద పెట్టినా స్తుతితోనే మొదలవుతుంది. ఇదీ అంతే.

మేం కెనడాలోని సార్నియాకి వచ్చిన రోజుల్లో ఆ ఊరి కాలేజీ మన పిల్లలతో కిటకిటలాడుతుండేది. మా ఆవిడకి అందులో సీటు వచ్చింది. ఆమె స్టూడెంట్, నేను ఆమె వెనక ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వచ్చిన మొగుణ్ణి, మా పాపకి ఆరేళ్ళు. ముగ్గురం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం. మొదటి ఆదివారం తెలుగు క్రైస్తవ సంఘానికి వెళితే పాతిక మంది ఉన్నారు. ఏడాది తిరిగేసరికి కుర్చీలు చాలక గోడల వెంట నిలబడేవాళ్ళు. అందరూ వాక్యం కోసమే వచ్చారని నేను అబద్ధం రాయను. ఊళ్ళో బస్సులు అంతంతమాత్రం. ఆరాధన అయ్యాక ఎవరో ఒకరు కారెక్కించుకుని సరుకుల షాపు దగ్గర దింపుతారని సగం మంది వచ్చేవాళ్ళు. ఆ సంఘంలో వాక్యం తెలిసినవాడికి లేని గౌరవం కారున్నవాడికి ఉండేది.

అలాంటి చోట రెండు కార్లు, మూడు బళ్ళు పట్టే గ్యారేజీ ఉన్న మనిషికి ఎంత గౌరవం ఉంటుందో ఊహించుకోండి. ఆయన మా సంఘ పెద్ద. కెమికల్ ప్లాంట్‌లో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి తెలియని విషయం లేదు. ప్రార్థన కూడా దేవుడికి రిపోర్టు చదివి వినిపిస్తున్నట్టు చేసేవారు: ఎంతమంది వచ్చారు, హీటింగ్ ఎలా ఉంది, కిందటి నెల కన్నా ఎంత మెరుగు. నేను కళ్ళు మూసుకుని వినేవాణ్ణి. దేవుడు ఎంత ఓపిక గలవాడో నాకు ఆ ప్రార్థనల్లోనే బాగా అర్థమైంది.

నా సంగతి కూడా చెప్పాలి. మా నాన్న సంఘ కాపరి. పన్నెండేళ్ళొచ్చేసరికి నాకు సగం వాక్యం కంఠస్థం. పదహారో ఏట విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ పనికి చేరాను, అంటే లారీల రేకు పని. సొట్టలు తీయడం, కుళ్ళిన రేకు కోసి కొత్త రేకు అతకడం. పగలు సుత్తి, సాయంత్రం ప్రార్థన కూటం. అలా పదిహేనేళ్ళు. కెనడాలో ఆ పనికి కాగితాలు అడిగారు. నా చేతుల్లో పని ఉంది గానీ కాగితాలు లేవు. అందుకని ఒక కార్‌వాష్‌లో బళ్ళు తుడిచేవాణ్ణి.

ఒక ఆదివారం సంఘ పెద్ద నన్ను పక్కకి పిలిచి, "బ్రదర్, నువ్వు లారీల పని చేశావట కదా, ఒకసారి మా ఇంటికి రా" అన్నారు.

గ్యారేజీలో ఆ ట్రక్కు ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటిది. ముక్కు చెక్కేసినట్టు పొట్టి మూతి, రెండు చిన్న అద్దాలు, వెనక మనుషుల్ని మోసే ఇనుప తొట్టి. ఏదో పొలంలో ఏళ్ళ తరబడి మంచులో, వానలో పడి ఉంటే వేలంలో కొన్నారట.

"ఇక్కడి ఒషావా ఫ్యాక్టరీలో తయారైంది బ్రదర్. వార్ టైమ్. ఇంజన్ నేనే సెట్ చేశా. బాడీ ఒక్కటే మిగిలింది."

ఇంజన్ ఒక మెకానిక్ వచ్చి చేసి వెళ్ళాడని ఆయన భార్య తర్వాత చెప్పారు.

ట్రక్కు దేనికో కూడా అప్పుడే చెప్పారు. నవంబరు చివర్లో ఊళ్ళో క్రిస్మస్ పరేడ్ జరుగుతుంది. ప్రతి చర్చీ ఒక బండి అలంకరించి తీసుకొస్తుంది. ఈసారి మన సంఘం కూడా వెళ్ళాలి. మన ఊళ్ళలో డిసెంబరు రాగానే లారీ మీదో ట్రాక్టరు మీదో ఎక్కి, స్టార్ కట్టుకుని, ఇంటింటికీ క్యారల్స్ పాడుతూ తిరగమూ? అలాగ. సండే స్కూల్ పిల్లలు ఇరవై మంది దేవదూతల రెక్కలు కట్టుకుని ఆ తొట్టిలో నిలబడి పాడాలి. మా పాప ఆ ఇరవై మందిలో ఒకతె. రెక్కలు ఎలా ఉంటాయని ఆ రోజు నుంచే అడగడం మొదలెట్టింది.

నేను సుత్తి తీసుకుని ట్రక్కు చుట్టూ తిరిగాను. మా మేస్త్రీ నేర్పిన మొదటి పాఠం అదే: చూడకు, కొట్టి విను. మంచి రేకు మోగుతుంది. కుళ్ళిన రేకు తడి గోనెసంచిని కొట్టినట్టు పలుకుతుంది. మోగని చోటల్లా సుద్దతో గీత గీశాను. తలుపుల అడుగులు, మడ్‌గార్డులు, క్యాబిన్ మూలలు. అన్నిటికన్నా ఘోరం తొట్టి నేల. వెనకవైపు మూడో వంతు రేకు, దాని కింద మోసే రెండు అడ్డ పట్టీలు పెళుసెక్కి ఉన్నాయి.

"ఇవన్నీ కొయ్యాలి అంకుల్."

"ఇన్నా?"

"ఇవి పైకి దొరికినవి. లోపల ఇంకా ఉంటాయి."

"వీడియోలో ఒకాయన ఇలాంటి చోట ఫైబర్ మ్యాట్ వేసి, పైన లప్పం పెట్టి, నీట్‌గా ఫినిష్ చేశాడు."

లప్పం అంటే గుంటలు పూడ్చే ముద్ద. ఆరితే రాయిలా ఉంటుంది, నున్నగా రుద్దితే రేకులా కనిపిస్తుంది. వెంట్రుకంత సొట్టకి అది మందు. కుళ్ళుకి అది ముసుగు.

"ఆ వీడియో ఆయన బండెక్కి పిల్లలు క్యారల్స్ పాడతారా అంకుల్?"

ఆయన నవ్వారు. "నీకు నోరెక్కువ బ్రదర్. ఆటోనగర్ నోరు."

టీ తీసుకొచ్చిన ఆంటీ, "ఆయనకి సుత్తి ఏ వైపు పట్టుకోవాలో తెలీదు బాబూ. నువ్వెలా అంటే అలా చెయ్యమను" అన్నారు. ఆ ఇంట్లో వివేకం మొత్తం ఆమె దగ్గరే ఉందని నాకు అప్పుడే తెలిసింది.

ఆగస్టు నుంచి ప్రతి శనివారం అదే పని. తుప్పు దొరికిన చోట మంచి ఇనుము తగిలే దాకా కోయడం, కొత్త రేకు కొలిచి, వంచి, మూలల్లో చుక్కలు చుక్కలుగా అతకడం, వేడికి రేకు వంకర పోకుండా తడిగుడ్డ అద్దడం, ఆ తర్వాత గ్రైండర్. ఇది సేవగా చేశాను, సంతోషంగా చేశాను. ఏడాది తర్వాత మళ్ళీ రేకు ముట్టుకున్న చేతులవి. ఆయన సేవ ఏమిటంటే, ఫోను పట్టుకుని నిలబడటం. గ్రైండర్ నిప్పురవ్వలు బాగా ఎగిరేటట్టు ఇంకోసారి కొట్టమనేవారు. సాయంత్రానికి ఆ వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉండేది. కింద "మన ట్రక్కు, మన కష్టం" అని రాసేవారు. దానికి స్టూడెంట్ పిల్లలందరూ దండాలు పెట్టేవాళ్ళు. వాళ్ళకి ఆదివారం లిఫ్ట్ కావాలి కదా.

అక్టోబరు చివరికి ముందు భాగమంతా అయిపోయింది. మిగిలింది తొట్టి నేల వెనక భాగమే. సరిగ్గా అప్పుడే మా ఆవిడకి చదువులో భాగంగా చేయాల్సిన ప్లేస్‌మెంట్ పడింది. పాపని చూసుకోవడానికి మూడు వారాలు నేను ఇంట్లోనే ఉండాల్సి వచ్చింది. "వెనక భాగం ముట్టుకోకండి అంకుల్, నేనొచ్చి కోస్తాను" అని చెప్పి మరీ వచ్చాను.

రెండో ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో సంఘ పెద్ద లేచి నిలబడ్డారు. "ప్లాంట్‌లో నాతో పనిచేసిన ఒక సర్టిఫైడ్ వెల్డర్‌ని దేవుడు పంపించాడు. వెనక నేల మొత్తం కొత్తది వేశాం. దేవునికి స్తోత్రం" అన్నారు. అందరూ హల్లెలూయా అన్నారు. నేనూ అన్నాను.

మూడు వారాల తర్వాత వెళ్ళి చూశాను. ముందు భాగం నేను వదిలినట్టే మెరుస్తున్న ఉత్త రేకు. వెనక భాగం మీద బూడిద రంగు ప్రైమర్, తుప్పు పట్టకుండా వేశామన్నారు. చాలా నున్నగా ఉంది. అంత నున్నగా ఉండటం చూసే నేను అనుమానించాల్సింది. సుత్తి చేతిలోకి తీసుకున్నాను. మళ్ళీ పెట్టేశాను. పుల్పిట్ ముందు నిలబడి పెద్ద మనిషి చెప్పిన సాక్ష్యాన్ని సుత్తితో కొట్టి చూసే అలవాటు మా సంఘాల్లో లేదు. నా పదిహేనేళ్ళ పనితనం ఆ ఒక్క అలవాటు ముందు తలవంచింది. నన్ను నేను అసహ్యించుకున్న రోజులు తక్కువ. అందులో అదొకటి.

మరుసటి శనివారం పొద్దున్నే వెళ్ళి, ట్రక్కంతా జిడ్డు లేకుండా తుడిచాను. మధ్యాహ్నం ప్రైమర్, ఆదివారం ఆరాధన తర్వాత పైరంగు. పరేడ్‌కి ఇంకా వారం ఉంది. పదకొండు గంటలకి బయట కార్లు ఆగాయి. ఒకటి, రెండు, ఆరు. పాస్టర్ గారు దిగారు, ఆయన వెనక పాతిక మంది విశ్వాసులు, ట్రేలలో బిర్యానీ, చికెన్ పకోడి.

"సర్‌ప్రైజ్ బ్రదర్! ఇవాళ ప్రతిష్ట ప్రార్థన. అభిషేకం చేద్దాం" అన్నారు సంఘ పెద్ద.

పాస్టర్ గారి చేతిలో ఆలివ్ నూనె సీసా చూడగానే నేను ముందుకి వెళ్ళాను. తుడిచిన రేకు మీద వేలిముద్ర పడితేనే రంగు ఆ చోట నిలవదు. నూనె సంగతి చెప్పక్కర్లేదు.

"అయ్యగారూ, రంగు వేసి ఆరాక చేద్దాం. ఇప్పుడు నూనె పడితే రంగు పట్టదు."

సంఘ పెద్ద అందరికీ వినపడేలా, "దేవుడి కార్యానికి ప్రైమర్ అడ్డమా బ్రదర్?" అన్నారు. అందరూ నవ్వారు. పాస్టర్ గారు మంచి మనిషే గానీ, నవ్వేవాళ్ళ మధ్య నవ్వకుండా ఉండలేని మనిషి. తొట్టిలోకి వంగి సీసా వంచారు. నేల వెనక్కి వాలుగా ఉండటంతో నూనె సన్నగా పారుకుంటూ వెనక భాగానికి చేరి అక్కడ నిలిచింది. పాతిక మందీ చేతులుంచి ప్రార్థించారు. ఒక చెయ్యి ట్రక్కు మీద, ఇంకో చెయ్యి ఫోను మీద. కొన్ని చేతులు అప్పటికే పకోడి రుచి చూసి వచ్చాయి. నూనెతో అభిషేకించడాన్ని నేనెప్పుడూ తేలికగా చూడలేదు. జ్వరంతో ఉన్న నా నుదుటి మీద మా నాన్న అద్దిన నూనె నాకు గుర్తుంది. కానీ ఆ రోజు అక్కడ ప్రార్థించింది ఎవరికి వినిపించాలనో నాకు తెలుసు. మందిరంలో దేవుడున్నా లేకపోయినా గ్రూపులో ఫొటో ఉండాలి.

వాళ్ళు తిని వెళ్ళాక థిన్నర్‌తో మూడుసార్లు తుడిచాను. ఉత్త రేకు మీద నూనె వదిలింది. సాయంత్రం ముందు భాగానికి ప్రైమర్ వేసి, మర్నాడు మొత్తానికి ఆకుపచ్చ మిలటరీ రంగు కొట్టాను. ముందు భాగం అద్దంలా వచ్చింది. వెనక భాగం మీద నా కళ్ళ ముందే రంగు గుంటలు గుంటలుగా విడిపోయింది, మశూచి పోసినట్టు. బూడిద ప్రైమర్ నూనెని తాగేసింది. దాన్ని ఎంత తుడిచినా లాభం లేదు. మొత్తం గీకి, రేకు దాకా వెళ్ళి మళ్ళీ మొదలెట్టాలి.

గ్రైండర్ తీశాను. అంతవరకు కుర్చీలో కూర్చుని వీడియో తీస్తున్న సంఘ పెద్ద ఒక్క అంగలో లేచారు.

"వెనక గ్రైండర్ వద్దు బ్రదర్. లైట్‌గా శాండ్‌పేపర్ కొట్టి ఇంకో కోటు వేసెయ్."

నాలుగు నెలలుగా గ్రైండర్ నిప్పురవ్వల కోసం ప్రాణం పెట్టిన మనిషి మొదటిసారి గ్రైండర్ వద్దన్నారు. నేను ఆయన మొహం చూశాను. మా మేస్త్రీ చెప్పిన శబ్దం నాకు అక్కడ వినిపించింది.

గ్యారేజీలో ఒక పాత ఫ్రిజ్ ఉంది. దాని తలుపుకి ఒక అయస్కాంతం బిళ్ళ. కొత్త సంవత్సరం నాడు సంఘం ప్రతి ఇంటికీ పంచిన బిళ్ళ, దాని మీద ఆ ఏటి వాగ్దాన వాక్యం. దాన్ని తీసి ముందు భాగం రేకు మీద పెట్టాను. టక్కున అతుక్కుంది. వెనక భాగం మీద పెట్టాను. జారి నేల మీద పడింది. ఇంకో చోట పెట్టాను. మళ్ళీ పడింది. ఇనుము ఉన్న చోటే అయస్కాంతం నిలుస్తుంది. వాగ్దానం కూడా అంతే అనిపించింది నాకు.

స్క్రూడ్రైవర్ తీసుకుని పొడిచాను. పిడి దాకా దిగింది. తీస్తే ఆ కన్నంలోంచి కింద గ్యారేజీ నేల కనిపించింది.

"వెల్డర్ ఏడీ అంకుల్?"

"అతను బిజీ బ్రదర్. డేట్స్ కుదరలేదు."

"మరి సాక్ష్యం?"

"చేయిద్దామనే అనుకున్నా. యాక్చువల్లీ నేనే మ్యాట్ వేసి నీట్‌గా చేశా. నువ్వు కూడా కనిపెట్టలేదుగా?"

ఆ చివరి మాటలో గర్వం ఉంది. అది విన్నాక ఆయన మీద నాకు మిగిలిన కాస్త మర్యాదా పోయింది.

"ఇక్కడ పిల్లలు నిలబడాలి అంకుల్. పాడుతూ గెంతుతారు. కింద పట్టీలు కూడా పాతవే."

"పరేడ్ గంటకి ఐదు కిలోమీటర్ల స్పీడ్. పిల్లలెంత బరువుంటారు? దేవుడు కాపాడడా? విశ్వాసం లేదా నీకు?"

నేను పదహారేళ్ళ నుంచి కుళ్ళిన రేకుని చూస్తున్నాను గానీ, అంత కుళ్ళిన మాట ఎప్పుడూ వినలేదు. ఆయన పేరు చెప్పుకునే దేవుడే నా దేవుడు. ఆ పేరుని ఆయన లప్పంలా వాడుతున్నారు.

"మీ విశ్వాసం చూద్దాం. మీ బరువు నలుగురు పిల్లలంత ఉంటుంది. ఎక్కి అక్కడ నిలబడండి."

"మోకాలు నొప్పి బ్రదర్."

"నిచ్చెన వేస్తాను."

వంటింటి తలుపు దగ్గర్నుంచి ఆంటీ గొంతు వినిపించింది. ఎప్పట్నించి నిలబడ్డారో తెలీదు. "ఎక్కండి మరి. దేవుడు కాపాడతాడన్నారుగా."

ఆయన తొట్టి వైపు చూశారు. గోడ గడియారం వైపు చూశారు. ఫోను చూసుకున్నారు. ఎక్కలేదు. లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన మళ్ళీ వచ్చి, శాండ్‌పేపర్ కొట్టి, ఇంకెవరి చేతనో రంగు వేయించి, ఆ ఇరవై మందిని ఎక్కిస్తారని నాకు తెలుసు. పైకి మళ్ళీ నున్నగా ఉంటుంది. మళ్ళీ అందరూ స్తోత్రం అంటారు. ఆంటీ వైపు చూశాను. ఆమె తల ఊపారు. గ్రైండర్‌కి కోత చక్రం తగిలించి వెనక నేలని ఈ అంచు నుంచి ఆ అంచు దాకా కోసేశాను. లప్పం దుమ్ము తెల్లగా లేచింది. నిప్పురవ్వలు ఒక్కటీ రాలేదు. చివరికి ఆ ముక్క తనంత తానే విరిగి కింద పడింది. దాంతో పాటు ఒక అడ్డ పట్టీ కూడా మధ్యకి విరిగింది. ఎవరూ దాని మీద నిలబడలేదు. దాని బరువుకే అది విరిగింది. ఆంటీ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఆ చోట రెక్కలు కట్టుకున్న మా పాపే కనిపించింది.

కొత్త పట్టీలు చేసి వేసే వ్యవధి లేదు. మనిషి పడేంత కన్నం ఉన్న ట్రక్కులో పిల్లల్ని ఎక్కించమని ఏ పెద్దా అడగలేడు. నాకు కావలసింది అదే.

పరేడ్ రోజు ట్రక్కు వెళ్ళింది. ఖాళీగా వెళ్ళింది. సంఘ పెద్దే నడిపారు, రెండు వైపులా చెయ్యి ఊపుకుంటూ. పిల్లలు ముందు నడిచారు. బొద్దు కోట్ల మీద రెక్కలు, ముక్కులు ఎర్రగా, పాటలో రెండో చరణానికి సగం మంది ఏడుపు. మా పాప వెనక్కి తిరిగి, "డాడీ, వై ఆర్ వి వాకింగ్?" అని నాలుగుసార్లు అడిగింది. పాప కాళ్ళు రోడ్డు మీద ఉన్నాయి, ఆ ఒక్కటే చూసుకుంటూ నడిచాను.

ఆదివారం సంఘ పెద్ద మైకు తీసుకుని, మనం ఈ లోకంలో యాత్రికులం కాబట్టి పిల్లల్ని నడిపించామని చెప్పారు. అందరూ హల్లెలూయా అన్నారు. నేను అనలేదు. ఆంటీ కూడా అనలేదు. ఆ నెలలోనే మేం వేరే చోట ఆరాధనకి వెళ్ళడం మొదలెట్టాం. ఆ ట్రక్కు తొట్టి నేలని తర్వాత ఎవరైనా వేశారో లేదో నాకు తెలీదు.

తెలిసింది ఒకటుంది. ఆ నూనె పడకపోతే నేను రంగు కొట్టి, బాగా వచ్చిందని మురిసిపోయి, నా బిడ్డని నా చేతులతోనే ఆ తొట్టిలోకి ఎక్కించేవాణ్ణి. నేను తిట్టుకున్న నూనె, నేను వెక్కిరించుకున్న చేతులు, ఫొటోల కోసం చేసిన ఆ ప్రార్థన, వాటినే దేవుడు వాడుకున్నాడు. పోసినవాళ్ళకి తెలీదు, చూస్తున్న నాకూ తెలీదు. ఆ సంఘ పెద్దని నేను ఇప్పటికీ గౌరవించలేను, అది దాచను. కానీ సుత్తి చేతిలోకి తీసుకుని మళ్ళీ కింద పెట్టినవాణ్ణి నేనే, ఆయన కాదు.

ఇంతవరకు చదివారు కాబట్టి ఒక్క నిమిషం నాకివ్వండి. దగ్గర్లో ఏ ఇనుమున్నా, కిటికీ చువ్వైనా, గేటైనా, దాని మీద చెయ్యి పెట్టండి. నేను ఇక్కడ నా సుత్తి మీద పెడతాను. ఇద్దరం కలిసి అడుగుదాం: తండ్రీ, మేం లప్పం పెట్టి నున్నగా రుద్దిన ప్రతి చోటా నీ నూనె పొయ్యి. మా పిల్లలు కాలు పెట్టక ముందే పొయ్యి. ఆమేన్.